రాట్వీలరా, లాబ్రడారా: ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకోండి

ప్రశ్న: మాది కర్నూలు. నంద్యాల రోడ్డు వైపు కొత్త లేఅవుట్‌లో రెండేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాం. చుట్టుపక్కల ఇంకా ఖాళీ స్థలాలే ఎక్కువ. మా ఇంటాయన ఓర్వకల్లు దగ్గర సోలార్ ప్లాంటులో పని చేస్తారు. నెలలో రెండు వారాలు నైట్ షిఫ్టు. అప్పుడు ఇంట్లో నేను, ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు, మా అత్త ఉంటాం. కుక్కను పెంచుకుందామని, పెద్ద జాతిదే తెచ్చుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఏ జాతి అన్న దగ్గరే తెగడం లేదు. నేను రాట్వీలర్ అంటాను, ఆయన లాబ్రడార్ అయితేనే అంటారు. రాట్వీలర్‌ను గవర్నమెంటు బ్యాన్ చేసిందంటే, కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసిందని ఫోన్లో చూపించాను. దొంగొస్తే లాబ్రడార్ తోకూపుతుందంటే, నువ్వు ఊరికే భయపడతావ్ అంటారు. ఆ మధ్య ఒక రాత్రి ఎవరో గోడ దూకిన చప్పుడైతే ఫోన్ చేశాను, గాలికి గేటు కొట్టుకుని ఉంటుంది పడుకో అన్నారు. బెంగళూరులో మా తమ్ముడు ఒక రాట్వీలర్ పిల్లను చూశాడు, 35 రోజులదట. ఆయనకు చెప్పకుండా 5 వేలు అడ్వాన్సు పంపేశాను. మా అత్త కుక్క వరండా దాటి లోపలికి రాకూడదంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో రాట్వీలర్ గురించి చాలా రాశారు. ఆ రాత్రి వినబడిన చప్పుడు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నాకు ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. ఇద్దరు పసిపిల్లలను, పెద్దావిడను పెట్టుకుని, చుట్టూ మనుషుల్లేని చోట అర్ధరాత్రి అలాంటి చప్పుడు విన్న ఆడమనిషికి తెల్లవారే దాకా కునుకు పడుతుందా? ఆ పూట మీకు కావలసింది, "ఫోన్ పెట్టేయకు, నేను లైన్లోనే ఉంటా" అన్న మాట. అది మీకు దొరకలేదు. మీకు లాబ్రడార్ చాలదనిపించింది ఆ రాత్రికి ముందా, తర్వాతా? ఒకసారి గుర్తు చేసుకోండి. తర్వాతే అయితే, మీరు ఆయనతో మాట్లాడాల్సింది ముందు ఆ రాత్రి గురించి.

ఆయన వైపు కూడా చూద్దాం. రాట్వీలర్ ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. బ్యాన్ అన్నారు గానీ అది వాదనలో చేతికందిన మాటలా ఉంది. తను రాత్రంతా ప్లాంటులో ఉంటే, ఇంట్లో మూడేళ్ల కొడుకు, బలమైన కుక్క ఒకే చోట తిరుగుతుంటారన్న ఊహ ఆ తండ్రికి ఎలా ఉంటుందో ఎప్పుడైనా అడిగారా? నాకైతే ఆయనదీ భయమే అనిపిస్తోంది. మీరిద్దరూ పిల్లల కోసమే భయపడుతున్నారు, ఒకరి భయం ఒకరికి చెప్పుకోలేదంతే.

బ్యాన్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. రాట్వీలర్, పిట్‌బుల్‌తో సహా 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, సంబంధించినవాళ్లను సంప్రదించకుండా ఇచ్చారని. కాబట్టి ఆయన చెప్పిందీ జరిగింది, మీరు చూపించిందీ జరిగింది. కానీ రేపు మీ కుక్క పక్కింటి పిల్లవాడిని కరిస్తే ఆ తీర్పు మిమ్మల్ని ఆదుకోదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు గానీ, 5 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అది లాబ్రడార్‌కైనా ఒకటే, వీధికుక్కను తెచ్చి పెంచినా ఒకటే. ఈ వాదన ఇక ఇద్దరూ వదిలేయండి.

ఇప్పుడు రాత్రుల గురించి. 35 రోజుల పిల్ల మీకు కాపలా కాయదమ్మా, మీరే దానికి కాయాలి. తల్లి కోసం రాత్రిళ్లు ఏడుస్తుంది, రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేచి బయటికి తీసుకెళ్లాలి. రాట్వీలర్ అయినా సరే, కాపలా బుద్ధి నిలకడగా రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఈలోపు ఎన్ని నైట్ షిఫ్టులు వెళ్లిపోతాయో చూడండి. కుక్క వచ్చినా రాకపోయినా వెనకవైపు గోడకు మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించండి. వంటింటి తలుపుకు గ్రిల్లు వేయించండి. లేఅవుట్‌లో కాపురమున్న రెండు మూడు ఇళ్లవాళ్ల నంబర్లు తీసుకోండి, మీ నంబరు వాళ్లకివ్వండి. అనుమానం వస్తే 112కు ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. వచ్చి చూసి ఏమీ లేదని వెళ్లిపోతే పోయేదేమీ లేదు. వీటన్నిటికంటే ముఖ్యం, మీ ఆయన దగ్గర ఒక మాట తీసుకోవడం. రాత్రి మీ ఫోన్ వస్తే, చప్పుడు గాలిదో మనిషిదో ఆయన అక్కడి నుంచి తేల్చకూడదు. మీరు ఇల్లంతా లైట్లు వేసి చూసుకునే దాకా లైన్లో ఉండాలి.

ఈ ఏర్పాట్లయ్యాక కూడా రాట్వీలరే కావాలనిపిస్తుందేమో చూసుకోండి. అనిపిస్తే అది తప్పు కాదు. జర్మనీలో పశువులను తోలడానికి, కాపలాకు తరతరాలుగా పెంచిన జాతి అది. తెలివైనది, యజమానిని ప్రాణంగా చూసుకుంటుంది. కానీ మగది 50 కిలోలు దాటుతుంది. చిన్నప్పటి నుంచీ రోజూ శిక్షణ ఉండాలి, కొత్త మనుషులను, పిల్లల గోలను, పాలవాణ్ణి, ఆటోలను అలవాటు చేయాలి. ఆ పని చేసే మనిషి ఇంట్లో ఎవరు? ఆయన షిఫ్టుల్లో ఉంటారు, అంటే మీరే. చుట్టాలొచ్చిన రోజు గొలుసు పట్టుకుని ఆపాల్సింది కూడా మీరే. కర్నూలులో పెద్ద కుక్కలు పెంచేవాళ్లు మీకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. ఇద్దరూ కలిసి వెళ్లి, ఎదిగిన రాట్వీలర్ గొలుసు ఒకసారి మీ చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా నడవండి. పిల్లి ఎదురొచ్చి అది ఒక్క గుంజు గుంజితే మీ భుజానికి ఏం తెలుస్తుందో ఏ వీడియోలోనూ కనబడదు.

ఆయన కూడా లాబ్రడార్ అంటే పిల్లలకు బొమ్మ అనుకోకూడదు. ఎదిగిన మగది 30 కిలోల పైమాటే, రెండేళ్లు వచ్చేదాకా దాని ఉత్సాహానికి పట్టపగ్గాలుండవు. బాబును ప్రేమగానే పడగొడుతుంది. చెప్పులు, పిల్లల బొమ్మలు నోట కరుచుకుపోతుంది. నీళ్లలో పడ్డ పక్షిని నోటితో పట్టి తేవడానికి పెంచిన జాతి మరి. తిండికి అంతులేదు, తిప్పకపోతే ఊరిపోతుంది, తుంటి కీళ్లు దెబ్బతింటాయి. ఏ జాతి అయినా మూడేళ్ల పిల్లవాడితో ఒంటరిగా, ఒక్క నిమిషమైనా వదలకూడదు. కుక్క తింటున్నప్పుడు దగ్గరికి పోకూడదని వాడికి తెలిసే వయసు కాదు. పంటి గీరు పడినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మన ఊళ్లో మామూలే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి ఆయాసపడటమే దానికి చల్లబడే దారి. ఈ రెండు జాతులకూ దట్టమైన బొచ్చు ఉంటుంది. మీ అత్తగారు వరండా అన్నారు. ఆ వరండా పడమటి ముఖమైతే, మధ్యాహ్నం మూడింటికి అక్కడి బండల మీద మీ అరచేయి వెనకవైపు పెట్టి చూడండి. మీరు పెట్టలేని చోట అదీ పడుకోలేదు. లోపల బేతంచెర్ల బండలు పరిచిన గది ఉంటే వేసవి పగళ్లు దాన్ని అక్కడ ఉంచాల్సిందే. మిద్దె మీద కట్టేసి పెంచే ఆలోచన ఉంటే అసలు తేవద్దు.

అందుకే మీ అత్తగారి మాటను ఉత్తరం చివర్లో పెట్టినట్టు ఇంట్లో పెట్టకండి. పగలంతా ఆ కుక్కతో ఉండేది ఆమె. పూజ గది, వంటిల్లు తనకు విడిచి, మధ్యలో మోకాలెత్తు తలుపు పెట్టించుకుంటే ఒప్పుకుంటారేమో కూర్చుని అడగండి. కాళ్ల నొప్పులుంటే, పెద్ద కుక్క మీదికి ఎగబడితే ఏమవుతుందో ఆమెకు మనకంటే బాగా తెలుసు. మిగిలిన కూర పెట్టే అలవాటు మాత్రం ముందే చెప్పి మానిపించాలి. ఉల్లిపాయ కుక్కకు విషం, మన కూరల్లో అది లేనిదేది? ఉడికిన ఎముకలు కూడా పెట్టకూడదు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

కుక్కను తెచ్చే ముందు ఒక నెల ఇలా చేసి చూడండి. రోజూ అయిదున్నరకు ఎవరో ఒకరు లేచి ముప్పావు గంట నడిచి రావాలి, సాయంత్రం పొద్దు వాలాక మళ్లీ. ఆయన డే షిఫ్టు వారాల్లో ఆయన, నైట్ షిఫ్టు వారాల్లో మీరు. పాల ప్యాకెట్టు, పాప బాక్సు, స్కూలు ఆటో అన్నీ ఎప్పట్లాగే జరగాలి. దాని తిండికి, టీకాలకు, పిడుదుల మందుకు పట్టే డబ్బు పశువైద్యుణ్ణి అడిగి, నెలకింత అని పక్కన పెట్టండి. ఈ నెలలో ఎవరు ఎన్ని రోజులు ఎగ్గొట్టారో ఇద్దరికీ తెలిసిపోతుంది. ఎవరి మీద పని పడుతుందో వాళ్ల మాటకు జాతి విషయంలో బరువెక్కువ ఉండాలి. అయితే ఇంట్లో ఏ ఒక్క పెద్దమనిషైనా భయంతో వద్దంటే ఆ కుక్క ఆ ఇంటికి రాకూడదు. ఆ భయంతోనే పదేళ్లు కలిసి బతకాలి కదా.

నన్నడిగితే, బాబుకు ఆరేళ్లు వచ్చేదాకా రాట్వీలర్ మీ ఇంటికి సరిపడదు. ఆడ లాబ్రడార్ మంచి ఎంపిక. కొత్త అడుగుల చప్పుడుకు గట్టిగా మొరిగితే మీకు మెలకువ వస్తుంది, లైట్లు వెలుగుతాయి, దూకేవాడికి ఆ అలికిడి చాలు. పిల్ల బదులు, స్వభావం తెలిసిన రెండు మూడేళ్ల కుక్క ఎవరైనా ఇస్తుంటే మీలాంటివాళ్లకు అది ఇంకా మేలు, మొదటి రాత్రి నుంచే మొరుగుతుంది. ముధోల్ లాంటి మన దేశపు జాతులు ఎండకు తట్టుకుంటాయి గానీ వాటికి పరిగెత్తే చోటు, పరిగెత్తించే మనిషి కావాలి. మీ షిఫ్టుల ఇంట్లో అది కష్టం.

ఆ అడ్వాన్సు సంగతి మీ ఆయనకు మీరే చెప్పండి, మీ తమ్ముడి నోటి నుంచో ఫోన్‌పే మెసేజ్ నుంచో తెలియనివ్వకండి. డ్యూటీ దిగి నిద్రపోయి లేచాక, పిల్లలు పక్కన లేనప్పుడు చెప్పండి. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక మీకు ఎలా గడిచిందో కూడా అప్పుడే చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. చెప్పకుండా డబ్బు పంపడం మీ తప్పే, దానికి ఆ రాత్రిని సాకుగా వాడకండి. మీ తమ్ముడికి మాత్రం ఈరోజే ఫోన్ చేసి ఆ పిల్లను తేవద్దనండి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. తల్లి దగ్గర, తోబుట్టువులతో కొట్లాడుతూ ఆ వారాల్లోనే అది ఎంత గట్టిగా కరిస్తే అవతలివాళ్లకు నొప్పో నేర్చుకుంటుంది. అది నేర్వని పిల్లను మూడేళ్ల బాబున్న ఇంటికి తెచ్చుకోకండి. 5 వేలు తిరిగి రాకపోయినా సరే.