టేపు పట్టిన చేతికి లెక్కలు రావా?

ప్రశ్న: మేడమ్, నాకు 43. మాది తణుకు దగ్గర పల్లెటూరు. తొమ్మిదో తరగతి మధ్యలో ఉండగా పెళ్లి చేసేశారు, ఇప్పుడు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఎప్పటికైనా టెన్త్ పాసవ్వాలని కోరిక. పోయిన నెల మా అబ్బాయి పాత పుస్తకాలు బయటికి తీశాను. రాత్రి నాలుగుసార్లు చదివింది పొద్దున్నకి ఒక్క ముక్క గుర్తుండట్లేదు, లెక్కలంటే చెప్పక్కర్లేదు. మా అత్తగారేమో 'ఇప్పుడు చదివి ఊళ్ళేలాలా' అంటారు. ముప్పై మంది ఆడవాళ్ళ కొలతలు నోటికి చెప్తాను, సైన్స్ ఒక్క పేజీ నిలవట్లేదు. నా బుర్ర ఇక ఇంతేనా?

జవాబు: ముప్పై మంది కొలతలు నోటికి చెప్పే బుర్రకి ఏం రోగమండీ? ఆ కొలతలు మీరు ఎప్పుడైనా కూర్చుని బట్టీ పట్టారా? లేదు కదా. ఆవిడ గుడ్డ పట్టుకొచ్చిన ప్రతిసారీ 'ఈవిడ భుజం ఎంత, చంక ఎంత' అని మీలో మీరే అనుకుని, తర్వాత టేపు పెట్టి చూసుకుంటారు, అలా ఏడాదికి పదిసార్లు. సైన్స్ పేజీనేమో ఒకే రాత్రి నాలుగుసార్లు చూశారు, పుస్తకం మూసి 'ఇందులో ఏముంది' అని ఒక్కసారి కూడా అడగలేదు. తేడా అంతా అక్కడే ఉంది. అందుకే ఒక పేజీ చదవండి, మూసేయండి, హుక్కులు కుట్టుకుంటూ అందులో ఉన్నది పైకి చెప్పుకోండి, తప్పిందో లేదో తెరిచి చూసుకోండి, మళ్ళీ మర్నాడు ఒకసారి, ఆ తర్వాత మూడ్రోజులకి ఇంకోసారి. మొదట్లో సగం కూడా రాదు, చిరాకేస్తుంది, అయినా ఆ తడుముకోవడం వల్లే నిలుస్తుంది.

రాత్రి చదివింది పొద్దున్నకి పోవడం మీ ఒక్కరి బాధ కాదులెండి. ఎబ్బింగ్‌హౌస్ అని జర్మనీ ఆయన, అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కేసుకుని 1885లో పుస్తకం వేశాడు. మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం పోతుంది, తర్వాత పోయేది నెమ్మదిస్తుంది అని తేలింది. అప్పటికి ఆయనకి 35 ఏళ్ళే, ముసలాయనేం కాదు. అబద్ధం ఎందుకు గానీ, కొత్తది ఎక్కడానికి మీ అబ్బాయి కంటే మీకు కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది. పట్టనీయండి, ఎవరితో పందెం?

ఇక లెక్కలు. 36 ఛాతీ జాకెట్ కటింగ్‌కి గుడ్డ నాలుగు మడతలు వేశాక ఏం చేస్తారు? 36లో నాలుగో వంతు 9, దానికి లూజుకీ కుట్టుకీ కలిపి ఒకటిన్నర, పదిన్నర దగ్గర సుద్దతో గీత పెడతారు. పుస్తకంలో దీన్నే భిన్నాల కూడిక అంటారు, కాకపోతే అక్కడ జాకెట్టుకి బదులు x ఉంటుంది. మెడ వంపు గీసే చేతికి వృత్తం పాఠం కొత్తేం కాదు. పాఠం మొదలుపెట్టే ముందు 'ఇది నా మిషన్ దగ్గర ఎక్కడుంది' అని వెతకండి, అన్నిటికీ దొరకదు గానీ దొరికినంతలో భయం తగ్గుతుంది.

పరీక్ష సంగతి. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ ఉంది, కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ కూడా ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్‌కి 14 ఏళ్ళు నిండితే చాలు, ఇంత దాటితే చేర్చుకోం అనే రూలు లేదు. ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియం ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్షకి కూర్చోవచ్చు, పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉంటాయి కాబట్టి ఒక్కోసారి రెండేసి రాసుకున్నా ఏం కాదు. వాళ్ళ దగ్గర లెక్కలు తప్పనిసరి కూడా కాదు, కానీ మీరు తీసుకోండి అనే నా మాట, చేతిలో ఉన్న విద్యని ఎందుకు వదులుకోవాలి. ముందు పుట్టిన తేదీ రుజువు ఒకటి వెతికి పెట్టుకోండి.

అత్తగారికి ఓ సంగతి చెప్పండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు పగలంతా కూలికెళ్ళి రాత్రిళ్ళు అక్షరాలు దిద్దుకున్నారు. వాచకంలో తాగుడు గురించి ఒక పాఠం వచ్చింది, దాని మీద మాట్లాడుకుని మాట్లాడుకుని చివరికి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటి పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా వచ్చింది. ఊళ్ళేలలేదు పాపం!

ప్రశ్న: నాకు 59, కరీంనగర్‌లో ప్రభుత్వ ఆఫీసు, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి మారాయి. పక్క సీటు పిల్లగాడు మంచోడే, అడిగితే వస్తాడు, కానీ మౌస్ గుంజుకుని టకటకా తనే చేసి పోతాడు. మళ్ళీ అడగాలంటే సిగ్గు.

జవాబు: సార్, నేను 46లో స్కూటీ నేర్చుకున్నాను. మా మరిది వెనక కూర్చుని హ్యాండిల్ మీద చెయ్యేసి ఉంచినన్నాళ్ళూ, అంటే పదకొండు రోజులు, నాకు ఏమీ రాలేదు, బండి వాడే నడుపుతున్నాడు కదా! పన్నెండో రోజు దిగిపొమ్మన్నాను. పడ్డాను, మోకాలు గీసుకుంది, వచ్చేసింది. ఆ అబ్బాయితో 'బాబూ, నువ్వు చేతులు కట్టుకుని నోటితో చెప్పు, నొక్కేది నేను' అనండి. వాడు చెప్పింది మీ మాటల్లోనే డైరీలో రాసుకోండి, 'పైన కుడిపక్క నీలం గుండీ' అని రాసుకున్నా తప్పులేదు. రోజుకి ఒక్క పనే. తెలిసిన ప్రశ్న రెండోసారి అడగకుండా డైరీ చూసుకుంటే సిగ్గు పడే అవసరమూ సగం తగ్గుతుంది. సాయంత్రం చాయ్ మాత్రం మీరే ఇప్పించండి.

ప్రశ్న: నాకు 31, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఆఫర్లలో పద్నాలుగు ఆన్‌లైన్ కోర్సులు కొన్నాను, ఒక్కటీ మూడో వీడియో దాటలేదు. ఏం చేయను?

జవాబు: పదిహేనోది కొనకండి! మా అమ్మ 50 దాటాక దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి కట్టింది, ప్రాథమిక్‌తో మొదలెట్టి విశారద దాకా వెళ్ళింది. ఆవిడకేం పెద్ద పట్టుదల లేదు, ఫిబ్రవరి వస్తే పరీక్ష, ఆగస్టు వస్తే ఇంకో పరీక్ష, ఫీజు కట్టేశాక చదవక చస్తుందా. మీ పద్నాలుగింటికీ ఆ తేదీ లేదు. 2017లో వచ్చిన స్వయం అని కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల సైటు ఉంది, అందులో చూడండి, పాఠాలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, వారం వారం అసైన్‌మెంట్లకి గడువు ఉంటుంది, పరీక్షకి సెంటర్‌కి వెళ్ళి కూర్చోవాలి. మీ ఆఫీసు పనికి ఈ మూడు నెలల్లో నిజంగా పనికొచ్చేది ఒక్కటి ఎంచుకుని ఫీజు ముందే కట్టేయండి, డబ్బు పోతుందన్న భయం మీ మీద బాగానే పనిచేస్తుందని పద్నాలుగు ఆఫర్లు చూస్తేనే తెలుస్తోంది.