కాస్‌ప్లే షూట్ కోసం లోన్ యాప్‌లో 60,000 తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటూ కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 38,000 వస్తుంది. నా ఖర్చులకు 22,000, ఇంటికి 6,000 పోతాయి. క్రెడిట్ కార్డు బాకీ 40,000. మినిమం డ్యూ కడుతున్నాను. పొదుపు లేదు. కాస్‌ప్లేగా, అంటే ఒక పాత్రలా వేషం కట్టి, రాణి రుద్రమలా వరంగల్ కోట తోరణాల దగ్గర షూట్ చేయాలని రెండేళ్ల కోరిక. కవచం, విగ్గు, మేకప్, ఫొటోగ్రాఫర్ కలిపి 60,000 అవుతుంది. ఫాలోవర్లు పెరిగితే ఆదాయం కూడా వస్తుంది. లోన్ తీసుకోమంటారా?

జవాబు: వద్దు. షూట్ వద్దనడం లేదు, ఆ లోన్ వద్దంటున్నాను. సరదా ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టి అప్పు చేసేవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తారు. కొందరిది బైకు, కొందరిది పెళ్లికి ముందు షూట్. అందుకే మీకు కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఏడాదికి 30 శాతం వడ్డీ, 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ అనుకుందాం. మీ చేతికొచ్చేది 57,876. నెలకు సుమారు 5,850 చొప్పున 12 నెలల్లో కట్టేది దాదాపు 70,200. వడ్డీ, ఫీజు కలిపి 12,300 పోతుంది. ఆ డబ్బుతో కవచానికి కావలసిన ఈవీఏ ఫోమ్ (కోసి వంచుకునే తేలికైన స్పాంజి లాంటి షీటు), జిగురు, రంగులు చాలావరకు వస్తాయి. పైగా మీ ఒంటి కొలతకు కోసిన కవచాన్ని మళ్లీ అమ్మితే కొనేవాళ్లు అరుదు.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది మీ పొదుపు సున్నా కావడం. కాంట్రాక్టు రెన్యూవల్ ఒక్క నెల ఆలస్యమైతే అద్దె ఎలా కడతారు? ఇంటికి ఏం పంపుతారు? అప్పుడూ ఈఎంఐ ఆగదు. దాని కోసం ఇంకో యాప్, ఆ తర్వాత స్నేహితుల దగ్గర చేబదులు. ఈ వరుస నేను చాలాసార్లు చూశాను. మీ నెల ఖర్చు 28,000. ఆరు నెలలకు 1,68,000 పక్కన ఉండాలి. అంత ఒక్కసారిగా కుదరదు కాబట్టి కనీసం రెండు నెలలది, అంటే 56,000, చేరేదాకా ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.

కార్డు సంగతి చూడండి. నెలకు 3.5 శాతం చొప్పున 40,000 మీద వడ్డీ 1,400, జీఎస్టీ 252. మీరు మినిమం డ్యూగా 2,000 కడితే అసలులో తగ్గేది 348 రూపాయలే! మిగిలే 10,000లో నెలకు 7,000 కార్డుకు కట్టండి, 3,000 అత్యవసర నిధికి వేయండి. కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోతే ఏడో నెలకు బాకీ తీరుతుంది. ఆ తర్వాత 8,000 నిధికి, 2,000 షూట్‌కు. నిధి 56,000 దాటాక ఆ నెల 10,000ను నిధికి, షూట్‌కు చెరిసగం చేయండి. నిధిని యూపీఐకి కలపని వేరే ఖాతాలో ఉంచండి. చిట్టీ, మ్యూచువల్ ఫండ్ ఇప్పుడు వద్దు. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చినదే అయితే కాంట్రాక్టుతో పాటే పోతుంది, సొంతది తీసుకోండి.

ఈలోగా షూట్ పని ఆపక్కర్లేదు. ఫోమ్ కోయడం, హీట్ గన్‌తో వంచడం ముంజేతికి తొడిగే చిన్న కవచం మీద నేర్చుకోండి. జిగురు వాసన తలకెక్కుతుంది, కిటికీ తెరిచి పనిచేయండి. చీర, నగలు కృష్ణానగర్‌లో సినిమా వాళ్లకు అద్దెకిచ్చే షాపుల్లో అడగండి. ఒక్కసారి వేసుకునే నగలు కొనడం దేనికి? కోటలో ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, తేదీ ఖాయం చేసేముందే కనుక్కోండి.

ఇది చదివేలోపే లోన్ తీసేసుకున్నారా? ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో వెంటనే చూడండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆ గడువులో అసలు, లోన్ ఉన్న రోజులకు వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు, పోనివ్వండి.