పైలట్లు నిజంగానే దారి తప్పుతారా?

వైజాగ్ నుంచి హైదరాబాద్ వస్తుంటే విమానం దిగకుండా చాలాసేపు చక్కర్లు కొట్టిందని, "పైలట్‌కి దారి తెలియట్లేదేమో" అని పక్క సీటాయన అన్నారని, అలా జరుగుతుందా అని ఒకరు అడిగారు.

చక్కర్లు కొట్టడం దారి తప్పడం కాదండి. రన్‌వే ఖాళీ లేకపోయినా, వాతావరణం బాగాలేకపోయినా ఏటీసీ (విమానాల రాకపోకలను నేల మీద నుంచి నియంత్రించే) వాళ్లే అలా తిప్పుతూ ఉంచుతారు. దాన్ని హోల్డింగ్ అంటారు. టెన్షన్ అక్కర్లేదు.

అయితే పైలట్లు దారి తప్పిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. నేను కొన్నేళ్లు ఒక ఎయిర్‌లైన్‌లో ఫ్లైట్ డిస్పాచర్‌గా చేశాను. ఫ్లైట్ ప్లాన్ తయారుచేసి పైలట్లకి ఇవ్వడం మా పని. నేను చూసినంతలో అసలు ప్రమాదం ఆకాశంలో కన్నా గేటు దగ్గర, కాక్‌పిట్‌లో అంకెలు కొట్టే ఆ కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ.

2015 మార్చిలో సిడ్నీలో జరిగిందే చూడండి. ఎయిర్ ఏషియా ఎక్స్ విమానం కౌలాలంపూర్ వెళ్లాలి. తామున్న చోటి రేఖాంశం 15109.8 (151 డిగ్రీల 9.8 నిమిషాలు) అని కంప్యూటర్‌లో ఎక్కించాల్సింది, కెప్టెన్ 01519.8 (15 డిగ్రీల 19.8 నిమిషాలు) అని కొట్టారు. కంప్యూటర్ లెక్కలో విమానం 11 వేల కిలోమీటర్లకు పైగా అవతల, కేప్‌టౌన్‌కి పడమట సముద్రంలో ఉంది! హెచ్చరికలు వచ్చినా ఇద్దరికీ విషయం అర్థం కాలేదు. పైకి లేచాక విమానం వేరే వైపు తిరిగింది. సరిచేయబోతే మరికొన్ని సిస్టమ్‌లు పోయాయి. సిడ్నీలో మబ్బులు బాగా కిందికి ఉండటంతో వెనక్కి దిగలేక చివరికి మెల్‌బోర్న్‌లో దించారు.

1989లో బ్రెజిల్‌లో ఇంత అదృష్టం లేదు. వారిగ్ విమానం మరబా నుంచి ఉత్తరాన ఉన్న బెలెం వెళ్లాలి. ప్లాన్‌లో వెళ్లాల్సిన దిశ 0270 అని ఉంది, అంటే 027.0 డిగ్రీలు, దాదాపు ఉత్తరం వైపు. కెప్టెన్ 270 పెట్టారు, అంటే నేరుగా పడమటికి. కో పైలట్ తన కాగితం చూసుకోకుండా కెప్టెన్ పెట్టిందే తనూ పెట్టేశారు. ఇంధనం అయిపోయి రాత్రివేళ అమెజాన్ అడవిలో పడింది, కొందరు చనిపోయారు. నన్నడిగితే అక్కడ అసలు తప్పు ఆ సున్నా కాదు, కో పైలట్ చూసి రాయడం.

అందుకే ఒకరు ఎక్కించింది రెండోవారు విడిగా ప్లాన్‌తో సరిచూస్తారు. మొత్తం దూరం కూడా కలవాలి. మా దగ్గర ఒక కెప్టెన్ పుష్‌బ్యాక్‌కి (విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టడానికి) ముందు ఫోన్ చేసి, "మీ కాగితానికీ నా కంప్యూటర్‌కీ దూరం కలవట్లేదండీ" అన్నారు. చివర్లో రూట్ మారింది, కొత్తది ఎక్కించేటప్పుడు ఒక వేపాయింట్ (దారిలో దాటాల్సిన బిందువు) జారిపోయింది. సరిచేసేసరికి ఫ్లైట్ లేటైంది. లోపల కూర్చున్నవాళ్లు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు.

ఇంకో రకం, కంటిని నమ్మి మోసపోవడం. 1972లో జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 బొంబాయి ప్రధాన ఎయిర్‌పోర్టు శాంతాక్రూజ్ అనుకుని పక్కనే ఉన్న చిన్న జుహూ ఎయిర్‌పోర్టులో దిగి, రన్‌వే చాలక ముందుకు దూసుకుపోయింది. రెండుచోట్లా రన్‌వేలు ఇంచుమించు ఒకే దిశలో ఉంటాయి మరి. అంతకుముందు 1953లో ఒక కామెట్ జెట్ కూడా అక్కడే పొరపాటున దిగింది. ఇప్పుడు ఆకాశం నిర్మలంగా ఉన్నా ఐఎల్‌ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతాల వ్యవస్థ) పెట్టుకుని, కళ్లకి కనిపించేదాన్ని దానితో పోల్చుకుంటూ దిగమంటున్నది ఇందుకే.