దాండియా లంగా గాల్లో లేవాలంటే ఫ్లేర్ (విచ్చుకునే గుడ్డ వెడల్పు) అంచు దగ్గర ఉండాలి, నడుము దగ్గర కాదు

మీరు చెప్పినదాన్నిబట్టి పరిస్థితి ఇదీ. మీ పాపకు పదకొండేళ్ళు. దసరా దాండియా కోసం 5 మీటర్ల గుడ్డ కొని కుచ్చుల లంగా కుట్టించారు, లోపల క్యాన్‌క్యాన్ (లంగాను ఉబ్బెత్తుగా నిలిపే గట్టి నెట్) కూడా వేయించారు. నిలబడితే నిండుగానే ఉంది, కానీ పాప గిర్రున తిరిగితే లేవట్లేదు. నడుము 24 అంగుళాలు, పొడవు 30. ఈసారి ఇంట్లోనే కుడతాను, ఏ కటింగ్ మంచిది, గుడ్డ ఎంత పడుతుంది అని అడిగారు.

నేను విజయవాడలో ఇంటి దగ్గరే మిషన్ పెట్టుకుని ఎక్కువగా డాన్స్ నేర్చుకునే పిల్లలకే కుడుతుంటాను. మీ సమస్య చాలామంది తల్లులకు ఎదురయ్యేదే. పెళ్ళిలో కట్టుకునే లంగాకీ డాన్స్ లంగాకీ పని వేరు. పెళ్ళి లంగా ఫొటోలో నిండుగా కనపడితే చాలు. డాన్స్ లంగా తిరిగినప్పుడు విచ్చుకోవాలి, ఆగగానే కాళ్ళకు చుట్టుకోకుండా కిందికి దిగాలి.

కుచ్చుల లంగా ఎందుకు లేవలేదో ముందు చెప్తాను. 5 మీటర్ల గుడ్డను నడుము దగ్గర కుచ్చులు పోస్తే కింద ఎంత గుడ్డ ఉందో పైనా అంతే ఉంటుంది. పాప తిరిగేటప్పుడు నడుము దగ్గరి గుడ్డ చిన్న వలయంలో తిరుగుతుంది, దానికి వేగం తక్కువ, అది బయటికి లాగలేదు. అంచు దగ్గరి గుడ్డ పెద్ద వలయంలో వేగంగా తిరుగుతుంది, లంగాను పైకి లేపేది అదే. మీ లంగాలో సగం గుడ్డ ఏ పనీ చెయ్యకుండా పైన బరువుగా కూర్చుంది. దానికి తోడు క్యాన్‌క్యాన్ గట్టిదనం వల్ల పై గుడ్డకు విచ్చుకునే వీలు లేదు. అదే 30 పొడవుకు పూర్తి అంబ్రెల్లా కటింగ్ (గుడ్డను పూర్తి వృత్తంగా కత్తిరించడం) చేస్తే అంచు చుట్టుకొలత 210 అంగుళాలు దాటుతుంది, అంటే మీ 5 మీటర్ల కంటే కాస్త ఎక్కువే. ఒంటి మీద ఉండే గుడ్డ మాత్రం దాదాపు 40 శాతం తక్కువ. పాపకు బరువు తగ్గుతుంది, ఫ్లేర్ పెరుగుతుంది.

రాజస్థాన్ కాల్బేలియా నృత్యం వీడియోలు ఒకసారి పాపతో కలిసి చూడండి. 2010లో యునెస్కో జాబితాలో చేరిన నృత్యం అది. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన గులాబో సపేరా గారికి 2016లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ నల్ల లంగాలను గమనించండి. అంచు వైపు లేసులు, పట్టీలు వరుసలుగా ఉంటాయి. వాళ్ళంత వేగంగా తిరిగినప్పుడు లంగా పళ్ళెంలా పరుచుకోవడం వెనక ఆ అంచు బరువు ఉంది. కొత్తవాళ్ళకు నేను మొదట చూపించేది అదే.

ఇక కటింగ్. డాన్స్‌కు పనికొచ్చేవి రెండు: అంబ్రెల్లా, కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా కత్తిరించి కలిపే ముక్కలు). మీ పాప కొలతలకు రెండూ కుదురుతాయి, గుడ్డను బట్టి ఎంచుకోండి.

అంబ్రెల్లా అయితే 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ 3 ముప్పావు మీటర్లు తీసుకోండి. ఒకే ముక్కలో పూర్తి వృత్తం రాదు కాబట్టి రెండు అర్ధ వృత్తాలు కత్తిరించి పక్కల్లో కలపాలి. గుడ్డను అడ్డంగా రెండు పొరలుగా మడవండి, అంటే పొడవు సగమవ్వాలి, పన్నా అలాగే ఉండాలి. పొడవు వైపు అంచు మీద సరిగ్గా మధ్యలో ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి టేపు తిప్పుతూ 3న్నర అంగుళాల దగ్గర ఒక గీత, 34న్నర దగ్గర ఒక గీత గీయండి. దారంతో కొలవొద్దు, దారం సాగుతుంది. పైన 3న్నర ఎందుకంటే, నడుము పట్టీకి అర అంగుళం, పక్క కుట్లకు మొత్తం రెండు అంగుళాలు పోను నడుము సుమారు 23 అంగుళాలు వస్తుంది. నడుము గుండ్రంలో గుడ్డ కొన్నిచోట్ల ఐమూలగా (నేతకు ఏటవాలుగా) పడుతుంది కాబట్టి చేతిలో ఉండగానే ఆ మిగతా అంగుళం సాగుతుంది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. పై గీత అర అంగుళం కిందికి జరిగితే నడుము మూడు అంగుళాలకు పైగా పెరిగిపోతుంది, కత్తిరించాక సరిచెయ్యడం కష్టం. కొంచెం చిన్నగా కత్తిరించి, పాప నడుముకు పెట్టి చూసి, చాలకపోతే పావు అంగుళం చొప్పున తగ్గించుకుంటూ రండి. నడుము సరిపోయిందని చూసుకున్న వెంటనే నడుము అంచు పక్కనే ఒక వరుస మిషన్ కుట్టు వేసేయండి, ఇంక సాగదు.

గుడ్డ పక్కన తొమ్మిది అంగుళాల వెడల్పు పట్టీ మిగులుతుంది. నడుము పట్టీ దాంట్లోంచి తీయండి. మూలల్లో మిగిలిన ముక్కలు ఐమూల పట్టీలకు పనికొస్తాయి, పారేయకండి.

కలీల లంగా కుడితే ఇంకా తక్కువ గుడ్డలో అంతే ఫ్లేర్ వస్తుంది. ఈ లెక్క చెప్తే చాలామంది నమ్మరు గానీ కాగితం మీద గీసి చూసుకోండి. 16 కలీలకు ఒక్కో కలీ పైన రెండున్నర అంగుళాలు, కింద 15 అంగుళాలు. రెండు పక్కలా అర అంగుళం కుట్టు ఇందులోనే ఉంది. ఒక కలీ తల పైకి, పక్కది తల కిందికి పెడుతూ పోతే 44 పన్నాలో వరుసకు నాలుగు పడతాయి. నాలుగు వరుసలకు 3 మీటర్ల పావు గుడ్డ చాలు. కుట్టాక అంచు చుట్టుకొలత 224 అంగుళాలు. అంబ్రెల్లా కంటే ఎక్కువ. కుట్టే పని మాత్రం బాగా పెరుగుతుంది, 16 పొడవు కుట్లు, వాటికి ఓవర్‌లాక్ (దారాలు ఊడకుండా వేసే అంచు కుట్టు). ప్రతి కుట్టూ కింద అంచు దగ్గర మొదలుపెట్టి నడుము వైపు కుట్టండి, అప్పుడు ఏటవాలు పక్కలు సాగి వంకరపోవు. అన్నీ కలిపాక కింద కుట్టు ఉన్నచోటల్లా మొనలు దిగి ఉంటాయి, అర అంగుళానికి పైగానే. కలీ కిందిభాగాన్ని కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే అంచు సమంగా వస్తుంది.

కలీలను తలకిందులుగా అమర్చే పద్ధతి ప్లెయిన్ గుడ్డకు, చిన్న పూల ప్రింటుకు బాగుంటుంది. నెమళ్ళు, ఏనుగులు ఒకే వైపు నిలబడిన ప్రింటైతే సగం బొమ్మలు తలకిందులవుతాయి. వెల్వెట్‌కైతే ఒక కలీ ముదురుగా, పక్కది లేతగా కనిపిస్తుంది. అలాంటి గుడ్డలకు కలీలన్నీ ఒకే వైపు పెట్టాలి, గుడ్డ ఎక్కువ పడుతుంది.

మీ దగ్గరున్న పాత లంగాను పక్కన పడేయకండి, కొత్త గుడ్డ అవసరమే రాకపోవచ్చు. కుచ్చులు విప్పి, ఇస్త్రీ చేస్తే దాదాపు 5 మీటర్ల పొడవు, 30 అంగుళాల ఎత్తు ఉన్న పట్టీ చేతికొస్తుంది. పైన చెప్పిన కొలతలతో 16 కలీలు తలా తోకా అమరిస్తే 146 అంగుళాలు పడుతుంది. ఇంకా మీటరుకు పైగా మిగులుతుంది, నడుము పట్టీ, జాకెట్టు చేతులు దాంట్లోంచే తీయొచ్చు. లంగాకు కింద నేసిన అంచు ఉంటే తలకిందులుగా పెట్టడానికి లేదు. అప్పుడు పైన 3, కింద 15 చొప్పున 12 కలీలు ఒకే వైపు కత్తిరించండి. అంచు చుట్టుకొలత 168 అంగుళాలు వస్తుంది, ఆ వయసు పాపకు చక్కగా సరిపోతుంది. పాత కుట్టు మడతలు విప్పితే పొడవు ఒక అంగుళం అటూ ఇటూ అవుతుంది, తక్కువైతే నడుము పట్టీని వెడల్పుగా వేసుకుంటే కలిసిపోతుంది.

కొత్తగా కొనేట్టయితే డాన్స్‌కు నా ఓటు క్రేప్‌కు, లేదా మెత్తటి కాటన్‌కు. దాండియా ఆట గంటల తరబడి సాగుతుంది, చెమట పడుతుంది, కాటన్ ఒంటికి హాయి. కొనగానే నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరించండి, కాటన్ ముడుచుకుంటుంది. జార్జెట్ అందంగా ఎగురుతుంది, కానీ కత్తెర కింద జారిపోతుంది. పాత పేపర్లు పరిచి, వాటికి గుండుసూదులతో పట్టించి, పేపరుతో సహా కత్తిరించండి. రా సిల్క్, బ్రొకేడ్ లాంటి బిరుసు గుడ్డలు డాన్స్‌కు నేను వద్దనే చెప్తాను. తిరిగినా గంటలా అలాగే నిలబడి ఉంటాయి. మా ఊళ్ళో అయితే వస్త్రలత బట్టల మార్కెట్లో నాలుగు షాపులు తిరిగితే క్రేప్‌లో ఎన్ని రంగులైనా దొరుకుతాయి. షాపులో గుడ్డను ఒక మూల పట్టుకుని వేలాడదీసి చూడండి, మడతలు మెత్తగా దిగితే అది డాన్స్ గుడ్డ.

లైనింగ్‌కు పూర్తి వృత్తం అక్కర్లేదు. అర్ధ వృత్తం చాలు, పైదానికంటే రెండు అంగుళాలు పొట్టిగా. రెండింటినీ నడుము దగ్గర మాత్రమే కలపండి, కింద వదిలెయ్యండి. కలిపి కుడితే పైది లేవబోతుంటే లోపలిది పట్టి లాగుతుంది. క్యాన్‌క్యాన్ కావాలని పాప పట్టుబడితే లైనింగ్ కిందిభాగంలో మూడో వంతు ఎత్తుకు మాత్రం మెత్తటి నెట్ కుచ్చు వేయండి, నడుము దగ్గర వద్దు. లంగా లేస్తుంది కాబట్టి లోపల అదే రంగు లెగ్గింగ్స్ తప్పనిసరి. ఇది పాపకు టెన్షన్ లేకుండా ఆడుకునే స్వేచ్ఛ ఇస్తుంది.

నడుముకు ఎలాస్టిక్ ఒక్కటే నమ్ముకోవద్దు. అంచు బరువు తిరిగేటప్పుడు కిందికి లాగుతుంది, ఎలాస్టిక్ జారుతుంది. పట్టీ లోపల బక్రం (బిరుసు గుడ్డ) పెట్టి, పక్కన తెరుపు ఉంచి, హుక్కూ బొందూ రెండూ పెట్టండి. పెరిగే పిల్ల కాబట్టి పట్టీకి రెండు అంగుళాలు ఎక్స్‌ట్రా వదిలి, వచ్చే ఏడాదికి హుక్కు జరిపేలా చూసుకోండి.

అంచు పని అన్నింటికంటే చివర్లో. నడుము పట్టీ వేశాక లంగాను హ్యాంగర్‌కు క్లిప్పులతో ఒక రాత్రి, ఒక పగలు వేలాడదీయండి. ఐమూలగా పడిన చోట్ల గుడ్డ దిగుతుంది, పూర్తి అంబ్రెల్లాలో అలాంటి చోట్లు నాలుగు. జార్జెట్ బాగా దిగుతుంది, కాటన్ కొంచెమే. తర్వాత పాపకు తొడిగి, చెప్పుల్లేకుండా నిలబెట్టి, నేల మీద నుంచి స్కేలుతో కొలుస్తూ చుట్టూ సుద్ద గుర్తులు పెట్టండి. నడుము నుంచి కొలిస్తే సమంగా రాదు, నేల నుంచే కొలవాలి. దాండియాకు నేల నుంచి మూడు అంగుళాలు పైకి ఉంటే వెనకడుగు వేసినప్పుడు కాలి కింద పడదు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే జట్టుగా కుడుతుంటే కూడా ఇదే పద్ధతి, పొడవులు ఎలా ఉన్నా అంచులన్నీ నేలకు ఒకే ఎత్తులో కనిపిస్తాయి.

గుండ్రటి అంచును వెడల్పుగా మడవడానికి ప్రయత్నించొద్దు. ఒక అంగుళం పైకి వెళ్తే చుట్టుకొలత ఆరు అంగుళాలు తగ్గుతుంది, ఆ ఎక్కువ గుడ్డంతా ముడతలు పడుతుంది. పావు అంగుళం సన్నమడత, లేదా పీకో (అంచుకు మిషన్‌తో వేసే సన్నటి ఒత్తు కుట్టు), లేదా మిగిలిన ముక్కల్లోంచి తీసిన ఐమూల పట్టీ, ఈ మూడింట్లో ఏదైనా సరే. నాకు ఐమూల పట్టీయే ఇష్టం, లోపలి వైపు రెండు అంగుళాల పట్టీ వేస్తే అంచుకు కావాల్సిన బరువు దానంతట అదే వస్తుంది. దాని మీద గోటా (జరీ) లేసు వేయాలంటే అంగుళం లోపు వెడల్పుదే తీసుకోండి, వెడల్పు గోటా వంపు తిరగదు. ఒక వరుసకు ఐదున్నర మీటర్లు పడుతుంది, 6 మీటర్లు కొనండి. క్రేప్‌కు రెండు వరుసలు, జార్జెట్‌కు మూడు వేస్తే లంగా తీరే మారిపోతుంది. అద్దాలు కుట్టాలనుకుంటే అవీ కింది మూడో వంతులోనే.

లంబాడీ నృత్యానికి కూడా ఇదే లంగా వాడొచ్చా అని ఇంకొకరు కూడా అడిగారు. దానికి వద్దు. లంబాడీల లంగా అయిన పేటియాకు అద్దాలు, ఎంబ్రాయిడరీతో వచ్చే బరువే ప్రాణం. అది గాల్లో లేవడానికి కాదు, వలయంగా వంగి అడుగులేస్తుంటే ఊగడానికి. మెత్తటి క్రేప్ అంబ్రెల్లాలో ఆ ఊపు రాదు. కూచిపూడికీ ఈ కటింగ్ సంబంధం లేదు, అక్కడ కావాల్సింది విసనకర్ర కుచ్చిళ్ళు. కథక్ చక్కర్లకు మాత్రం ఈ కలీల లెక్కే పొడుగు అనార్కలీకి పనికొస్తుంది.

పండగ అయ్యాక లంగాను హ్యాంగర్‌కు వేలాడదీసి ఉంచకండి, ఐమూల భాగాలు దిగుతూనే ఉంటాయి. నిలువుగా మడతపెట్టి, చుట్టి, పాత కాటన్ గుడ్డలో కట్టి పెట్టండి. వచ్చే దసరాకు తీసినప్పుడు ముందు పాపకు తొడిగి నేల నుంచి ఒకసారి కొలిచి చూడండి. పాప పొడుగైతే కింద లేసు పట్టీ ఇంకో వరుస కలిపితే సరిపోతుంది.