హోటల్ నేలపై జారిపడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది కడప జిల్లా. ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. గత ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం 63 ఏళ్ల మా అత్తగారిని వెంటబెట్టుకుని దగ్గరలోని ఆంధ్రా భోజన హోటల్‌కు వెళ్లాము. భోజనమయ్యాక చేయి కడుక్కోవడానికి వెళ్లిన ఆవిడ వాష్‌బేసిన్ ముందున్న తడి టైల్స్ మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. హోటల్ యజమాని మా ప్రాంతం వారే. ఆసుపత్రికి వచ్చి 5,000 రూపాయలు చేతిలో పెట్టి, "పెద్దావిడ చూసుకుని నడవాలి కదమ్మా, బోర్డు కూడా పెట్టాము" అన్నారు. పడితే యాజమాన్యానిది బాధ్యత కాదని కన్నడ, ఇంగ్లీషుల్లో గోడకు రాసి ఉన్న మాట నిజమే. బిల్లు మా వారు ఫోన్‌లో చెల్లించారు. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఉంది. బోర్డు పెట్టినంత మాత్రాన హోటల్ వారి బాధ్యత తీరిపోదు. అలాగని, తమ ఆవరణలో ఎవరు పడినా వారు పరిహారం ఇచ్చి తీరాలని కూడా చట్టం చెప్పదు. యజమాని తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోలేదని, అందువల్లనే మీ అత్తగారికి గాయమైందని మీరు చూపించగలగాలి.

జనాన్ని లోపలికి ఆహ్వానించి వ్యాపారం చేసేవారు, ఆ జనం నడిచే నేల, ఎక్కే మెట్లు, పట్టుకునే కమ్మీ తగినంత భద్రంగా ఉండేలా చూడాలి. ఇంగ్లండులో దీనికోసం 1957లో ప్రత్యేక చట్టమే చేశారు. మనకు అలాంటిది లేదు. కోర్టు తీర్పులతో స్థిరపడిన నిర్లక్ష్య సూత్రాలు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఆధారం. సేవాలోపం అంటే ఏమిటో చెప్పేచోట ఈ చట్టం నిర్లక్ష్యాన్ని కూడా చేర్చింది. బిల్లు మీ వారు కట్టారు కాబట్టి అత్తగారికి హక్కు లేదేమోనన్న సందేహం అక్కరలేదు. డబ్బు చెల్లించినవారి సమ్మతితో ఆ సేవను పొందినవారు కూడా వినియోగదారులే.

ఇక అసలు విషయం, నిర్లక్ష్యాన్ని రుజువు చేయడం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో పాత గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, కట్టడం అలా కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని సుప్రీంకోర్టు 1966లో చెప్పింది. జారిపడిన సంఘటనకు అది నేరుగా వర్తించదు, ఎందుకంటే మనిషి తన కాలు తడబడి కూడా పడవచ్చు. అయితే వాష్‌బేసిన్ ముందు తడి ఉండడం యజమాని ఊహించలేని సంగతి కాదు. ఆదివారం మధ్యాహ్నం ఒక బంతి లేస్తూనే మరో బంతి కూర్చునే హోటల్‌లో అందరూ అక్కడే చేతులు విదిలిస్తారు, సబ్బు నురగ కింద పడుతుంది, నూనె చేతుల తడి టైల్స్‌కు అంటుకుంటుంది. అలాంటి చోట నున్నటి టైల్స్ బదులు గరుకు టైల్స్ వేయించారా, రబ్బరు మ్యాట్ పరిచారా, రద్దీ వేళ తుడిచే మనిషిని అక్కడే ఉంచారా అన్నవే ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్ అడిగే ప్రశ్నలు. వీటికి యజమాని వద్ద జవాబు లేకపోతే మీ వాదన బలపడుతుంది.

బోర్డు సంగతి చెప్పాలి. కారు పార్కింగ్ చీటీ మీద "సొంత బాధ్యతపైనే" అని అచ్చు వేసుకున్న ఒక హోటల్ కేసులో, అటువంటి రాతను అడ్డం పెట్టుకుని సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. అది కారు దొంగతనం కేసే అయినా, మీ లాయరు దాన్ని తప్పక చూపించాలి. నా దృష్టిలో ఆ బోర్డు మీకే ఉపయోగపడుతుంది: అక్కడ జనం జారిపడే ప్రమాదం ఉందని యజమానికి ముందే తెలుసని అదే చెబుతోంది. దాన్ని వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి.

సీసీటీవీ రికార్డుల మీద కొద్ది రోజులకే కొత్తవి పడిపోతూ ఉంటాయి. ఆ రోజు దృశ్యాలను భద్రపరచాలని కోరుతూ ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అవి ఇప్పటికే చెరిగిపోయి ఉన్నా, మీరు అడిగిన దాఖలా ఉండాలి. యూపీఐ చెల్లింపు వివరం, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఫిజియోథెరపీకి, ఇంట్లో పెట్టుకున్న ఆయాకు ఇచ్చిన డబ్బుల రసీదులు ఒకచోట చేర్చండి. పక్క బల్ల దగ్గర తిన్నవారెవరైనా తెలిస్తే వారి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

మీ అత్తగారి పేరుతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్ స్థాయిని నిర్ణయించేది మీరు అడిగే పరిహారం కాదు, సేవకు చెల్లించిన మొత్తం. భోజనం బిల్లు కొన్ని వందలే కాబట్టి ఇది జిల్లా స్థాయిలోనే నడుస్తుంది, రుసుము కూడా ఉండదు. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు. లాయరు తప్పనిసరి కాదు, కావాలనుకుంటే మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. ఆవిడ అజాగ్రత్త కూడా కొంత ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు. వయసు పైబడినవారు మెల్లగా నడవడాన్ని మాత్రం ఎవరూ అజాగ్రత్త అనలేరు.

ఇచ్చిన 5,000 ఉంచుకోవచ్చు. "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు. నిర్లక్ష్యంతో ఎముక విరిగేలా చేయడం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నేరం కూడా కావచ్చు, కానీ మీకు కావలసింది వైద్య ఖర్చు కనుక మొదట కమిషన్ దారినే పట్టమంటాను. యజమాని మన ప్రాంతం వారని మీరు మొహమాటపడుతున్నట్లు ఉత్తరంలో కనబడుతోంది. మంచంలో ఉన్న మనిషి ఖర్చు అడగడం పగ సాధించడం కాదు.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వానాకాలంలో కస్టమర్ల చెప్పులతో వచ్చే నీటికి కూడా నేనే బాధ్యుడినా?
– ఒక వ్యాపారి, బెంగళూరు

జవాబు: వాన చుక్క పడిన ప్రతి క్షణం తుడవాలని ఎవరూ అనరు. మీ స్థాయి దుకాణదారు సహేతుకంగా చేయగలిగింది చేశారా అన్నదే చూస్తారు. గుమ్మంలో నీరు పీల్చే మ్యాట్ వేయండి, జల్లు పడినప్పుడల్లా తుడిపించి ఆ వేళను ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకమే రేపు మీ తరఫు సాక్ష్యం. ఏమీ కొనకుండా లోపలికి వచ్చి పడినవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేకపోయినా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. మీ దగ్గర పనిచేసే కుర్రాడు పడితే 2025 నవంబరులో పాత 1923 చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కింద ఉద్యోగి పరిహారం గానీ, ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐ గానీ వర్తిస్తుంది, అక్కడ మీ నిర్లక్ష్యం రుజువు కావలసిన పని కూడా లేదు. బయటివారి గాయాలకు పబ్లిక్ లయబిలిటీ అనే బీమా పాలసీ దొరుకుతుంది. తీసుకునేముందు ప్రమాదాన్ని ఎన్ని రోజుల్లో కంపెనీకి తెలియజేయాలన్న షరతును చదివి సంతకం పెట్టండి.