గాలిమర ప్రాజెక్టా, సాఫ్ట్‌వేర్ కోర్సా?

ఉరవకొండ నుంచి ఒక నాన్న అడిగారు: "మా పాప అనంతపురంలో ఈఈఈ మూడో ఏడాది. గాలిమరని పవర్ తగ్గించి నడిపేటప్పుడు దాని రీడింగుల నుంచి గాలి వేగం లెక్కగట్టే ప్రాజెక్ట్ చేస్తానంటోంది. గాలి కొలిచే మీటరు మర నెత్తినే ఉంటుంది కదా, మళ్ళీ ఈ లెక్కేంది? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించేదా?"

అన్నా, మీటరు ఉంటుంది, కానీ రెక్కల వెనక. రెక్కలు చెదరగొట్టిన గాలినే అది చూస్తుంది, అదీ ఒక్క చోట. అందుకే ఇంత కరెంటు వచ్చిందంటే ఇంత గాలి ఉండాలని పవర్ కర్వ్ చూసి వెనక్కి లెక్కగడతారు. గ్రిడ్ వాళ్ళు బ్యాక్‌డౌన్ చేయమన్నప్పుడు, అంటే పవర్ తగ్గించి నడపమన్నప్పుడు, ఈ లెక్క పనికిరాదు. 2 మెగావాట్ల మరని 1కి కట్టేస్తే గాలి సెకనుకు 10 మీటర్లున్నా 14 ఉన్నా రీడింగు 1 దగ్గరే ఆగుతుంది, మిగతా గాలిని రెక్కలు తమ ఇరుసు మీద పక్కకు తిరిగి వదిలేస్తాయి. రెక్కలు అలా ఎన్ని డిగ్రీలు తిరిగాయి, రోటర్ (రెక్కల చక్రం) ఎంత వేగంతో తిరుగుతోంది, కరెంటు ఎంత, ఈ మూడూ కలిపి అసలు గాలిని పట్టుకోవాలి. కొన్ని మరలు పవర్‌తో పాటు రోటర్ వేగం కూడా తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు, అందుకని ఒకదాని లెక్క ఇంకోదానికి సరిపోదు.

ఇదంతా డబ్బు లెక్కే. ఆషాఢం గాలి ఊపు మీదున్నప్పుడు మరని తగ్గించి నడిపితే పోయిన కరెంటు ఎంతో తేలాలి కదా. గాలి వేగంలో 5 శాతం తప్పితే, గాలిలో ఉన్న పవర్ లెక్క దాదాపు 15 శాతం తప్పుతుంది.

ఇక కోర్సు సంగతి. పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష రాకుండా ఈ ప్రాజెక్ట్ ఒక్క అడుగు కదలదు, అది చేస్తూనే నేర్చుకుంటుంది, కాబట్టి ఆ ఫీజు మీ దగ్గరే పెట్టుకోండి. నాకున్న భయమల్లా డేటా గురించే. కంపెనీ ఇస్తుందిలే అని కూర్చుంటే ఏడాది ఇట్టే పోతుంది! ఇంగ్లండ్‌లోని కెల్మార్ష్ విండ్ ఫామ్‌లో 6 మరల నుంచి పది నిమిషాలకోసారి నమోదైన డేటా ఉచితంగా దొరుకుతుంది, దాంతో చెయ్యి తిరగనివ్వండి. తర్వాత ఓపెన్‌ఫాస్ట్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, అమెరికా ల్యాబ్ ఎన్ఆర్ఈఎల్ తయారుచేసిన 5 మెగావాట్ల మర మోడల్ నడపమనండి, అందులో అసలు గాలి ఎంతో ముందే తెలుసు కాబట్టి తన లెక్క ఎంత తప్పిందో తనకే కనిపిస్తుంది. పవర్ తగ్గించే కంట్రోలర్ (మరని నడిపే ప్రోగ్రామ్) మాత్రం తనే సమకూర్చుకోవాలి, కష్టమంతా అక్కడే.

ఒకటి దాచకుండా చెప్తా. మీ ఊరి మరల దగ్గర దొరికేది ఎక్కువగా మెయింటెనెన్స్ పని. ఈ లెక్కల ఉద్యోగాలు చెన్నై, పుణె, బెంగళూరు వైపు ఉంటాయి. పాపని అంత దూరం పంపగలరో లేదో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. పంపేట్టయితే చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థకి ఇంటర్న్‌షిప్ కోసం ఈ వారమే మెయిల్ పెట్టమనండి.