ఫీనిక్స్ కోర్సు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విశాఖ మధురవాడలో గది తీసుకుని ఉంటున్నాను, వెబ్‌సైట్లు కట్టే రియాక్ట్ మీద ఉద్యోగం. చేతికి 38,000 వస్తుంది. నర్సీపట్నంలో ఇంటికి పంపేది, అద్దె, తిండి పోగా నెలకు 6,000 మిగులుతుంది. 70,000 ఎఫ్‌డీ ఉంది. ఫీనిక్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు, యాప్‌లు కట్టడానికి ముందే తయారుగా ఉండే చట్రం) బాగా నచ్చింది. ఆన్‌లైన్ కోర్సు ఫీజు 60,000, జీఎస్టీ అదనం. సీటు కోసం 5,000 అడ్వాన్స్ కట్టాను. ఫ్రెండ్స్ "దానికి ఉద్యోగాలెక్కడున్నాయిరా" అంటున్నారు. ఎఫ్‌డీ కదపకు, నా గొలుసు తాకట్టు పెట్టుకో అంటోంది అమ్మ. ఏం చేయమంటారు?

జవాబు: ఫీనిక్స్ నేర్చుకోండి. కోర్సుకు మాత్రం డబ్బు కట్టకండి.

ముందు లెక్క చూద్దాం. 60,000 మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 70,800. అడ్వాన్స్ తీసేస్తే ఇంకా 65,800 కావాలి. గోల్డ్ లోన్ వడ్డీ పది శాతం అనుకుందాం. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటే 72,380 కట్టి గొలుసు విడిపించుకోవాలి. నెలకు 6,000 చొప్పున మీరు ఏడాదంతా దాచేది 72,000. ఒక్క నెల కూడా తప్పకుండా దాచినా 380 రూపాయలు తగ్గుతాయి. మధ్యలో ఒక జ్వరమొచ్చినా, ఇంట్లో ఒక శుభకార్యం పడినా ఇక ఆ ఎఫ్‌డీయే దిక్కు. అది కదపకూడదనే కదా అమ్మ గొలుసు ఇస్తానంది!

క్లయింట్లతో కలిసి గోల్డ్ లోన్ కౌంటర్ల దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. గొలుసును గీటురాయి మీద గీస్తారు, తూస్తారు, కవర్లో పెట్టి సీలు వేస్తారు. అప్పటిదాకా మామూలుగా మాట్లాడిన తల్లి ఆ సీలు పడేటప్పుడు ఖాళీ మెడను చేత్తో తడుముకుంటుంది. ఆసుపత్రి ఖర్చుకైతే తాకట్టు పెట్టమని నేనే చెబుతాను. ఉచితంగా దొరికే చదువుకు పెట్టమని చెప్పలేను.

అవును, ఇది ఉచితంగానే దొరుకుతుంది. ఫీనిక్స్ అధికారిక గైడ్లు, ఫీనిక్స్‌లో కోడ్ రాసే ఎలిక్సిర్ భాష పాఠాలు డబ్బు కట్టకుండానే చదవొచ్చు. ఉద్యోగంలో వెబ్ పని చేస్తున్నవాళ్లకు అవి చాలు. ఒకట్రెండు మంచి పుస్తకాలు, చిన్న సర్వర్ అద్దె కలిపి మూడు నెలలకు 6,000 పక్కన పెట్టుకోండి. అంటే మీ ఒక్క నెల మిగులు.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. వాళ్లు చెప్పింది సగం నిజం. ఫీనిక్స్ పునాది గట్టిది. 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలైన ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద అది నిలబడింది. వాట్సాప్ నడిచిందీ ఎర్లాంగ్ మీదే. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్‌కు 45 కోట్ల మంది వాడకందారులుంటే, ఉద్యోగులు 50 మంది పైచిలుకే. లక్షల కనెక్షన్లు ఒకేసారి ఎలా మోయాలో అక్కడ నేర్చుకుంటే రేపు ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా అక్కరకొస్తుంది. పైగా అందరూ వాడేది శాశ్వతం అనుకోవద్దు. ఒకప్పుడు చాలా ఉద్యోగ ప్రకటనల్లో కనిపించిన యాంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌కు 2021 డిసెంబరుతో సపోర్టు ఆగిపోయింది.

అయితే ఫీనిక్స్ ఒక్కటే నమ్ముకోవడం ఆనందపురం అవతల పొలాల మధ్య కొన్న స్థలం లాంటిది. దానికి ధర ఉంటుంది, మీకు అవసరం పడిన రోజున కొనేవాడే దొరకడు. రుషికొండ కొండ మీద ఉన్న ఐటీ కంపెనీల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే మీకు పనికొచ్చేది రియాక్టే. ఫీనిక్స్ ఉద్యోగాలు ఎక్కువగా ఇంటి నుంచి చేసేవి, అనుభవం అడిగేవి. కాంట్రాక్టు పనైతే పీఎఫ్ ఉండదు, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉండదు, రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ నెలలుంటాయి. అటు వెళ్లాలంటే తొమ్మిది నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి. మీ దగ్గరున్నది రెండు నెలలకే సరిపోతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఈ నెలంతా రోజూ రాత్రి జాబ్ సైట్లు చూసి, మీ అనుభవానికి సరిపోయే ఎలిక్సిర్ ఉద్యోగాలు ఎన్నో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఐదేళ్ల అనుభవం అడిగేవాటిని లెక్కలో వేయకండి. పక్కనే రియాక్ట్ అంకె కూడా రాయండి. పొద్దున ఆఫీసుకు ముందు ఒక గంట చదవండి. మూడు నెలల్లో ఏదైనా చిన్నది కట్టండి, మీ ఊరి చిట్టీల లెక్క చూపించే యాప్ అయినా సరే. పది మంది రోజూ వాడాలి. ఆ తర్వాత కూడా ఇష్టం తగ్గక, నోట్‌బుక్‌లో ఎలిక్సిర్ అంకె పెరుగుతుంటే అప్పుడు మళ్లీ రాయండి. ఎఫ్‌డీ ఎంతకు పెంచాలో, ఎప్పుడు మారాలో కూర్చుని లెక్క వేద్దాం.

ఈలోగా అడ్వాన్స్ రసీదు తీసి చూడండి. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల్లోపు డబ్బు వెనక్కిస్తారో అందులో రాసి ఉండొచ్చు. గడువుంటే ఈరోజే మెయిల్ పెట్టండి. లేకపోతే ఆ 5,000 పోయిందనుకోండి, దానికోసం ఇంకో 65,800 కట్టకండి.